చర్మకారుడి ఇంటి చిరునామా

ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర, స్కైవాక్ మెట్లకు కాస్త అవతల, మెట్రో స్తంభం నీడలో ఒక పెద్దాయన చెప్పులు కుడుతూ కూర్చుంటాడు. ఒక గోనెపట్టా, ఒక చెక్కపెట్టె, ఒక ఇనుప దిమ్మ, ఆరె, మైనం పూసిన దారం, నాలుగు రబ్బరు ముక్కలు. ఆయన దుకాణమంతా అంతే. ఆమధ్య ఒక శనివారం నా బైబిల్ కవరుకు జిప్పు దగ్గర కుట్టు ఊడిపోతే ఆయన దగ్గర ఆగాను. పాతికేళ్లనాటి కవరు అది. మా నాన్నగారు కొనిచ్చినది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, బొటనవేలితో రుద్ది చూసి, "అసలు తోలే సార్, మేకతోలు. ఇప్పుడొచ్చేటియన్ని రెగ్జినే" అన్నాడు. కుడుతూ కుడుతూ తల ఎత్తకుండానే ఇంకో మాట అడిగాడు. "ఏమనుకోకుండ్రి సార్. గీ పుస్తకంల మా లెక్క తోలుపని చేసెటోల్ల ముచ్చట యాడన్న ఉన్నదా?"

"ఉంది పెద్దయ్యా" అన్నాను. "పేతురు అనే అపొస్తలుడు ఒక చర్మకారుడి ఇంట్లో ఉన్నాడు" అని చెప్పాను. ఆ తర్వాత నాకు మరొకటి గుర్తు రాలేదు. నాచారంలోని మా చిన్న సంఘంలో ఇరవై ఏళ్లుగా ఆదివారం బడి చెబుతున్నవాణ్ణి, అప్పుడప్పుడు పాస్టరుగారు లేనప్పుడు వాక్యం కూడా అందిస్తున్నవాణ్ణి. అంతకుమించి చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి బైబిల్ తెరిచి కూర్చుంటే తెల్లవారుజాము దాకా లేవలేదు. తోలు లేని కాండం దాదాపు లేదని అప్పుడు తెలిసింది.

అసలు మొదటి తోలుపని చేసిందెవరు? ఏదెనులో పాపం చేశాక ఆదాము, హవ్వలు అంజూరపు ఆకులు కుట్టుకుని ఒళ్లు కప్పుకున్నారు. ఆకు ఎంతసేపుంటుంది? మన ఎండకు మధ్యాహ్నానికల్లా ఎండి నలిగిపోతుంది. అప్పుడు దేవుడు వాళ్లకు చర్మపు చొక్కాయిలు చేయించి తొడిగించాడని (ఆది. 3:21) చదువుతాం. ఈ వాక్యం మీద మనం వినే ప్రసంగాలన్నీ రక్తం చిందడం దగ్గర ఆగుతాయి. ఒక నిర్దోషమైన జంతువు చనిపోయింది, అది క్రీస్తు బలికి ముంగుర్తు అంటారు. ఆ మాట సరైనదే, నేనూ చెప్పాను. కానీ జంతువు చనిపోగానే చొక్కాయి తయారవదు కదా! తోలు ఒలవాలి, కండ గీకాలి, కొలిచి కోయాలి, కుట్టాలి. ఆ పని చేసినవాడిగా లేఖనం చెప్పేది ఎవరి పేరు? సర్వశక్తిగల దేవుడి పేరే. మనిషిని మట్టితో చేసినప్పుడు ఆయన కుమ్మరి. ఈ వచనంలో ఆయన చేసిన పనికి మన ఊళ్లలో ఏ పేరు పెట్టి పిలుస్తారో నేను వేరే చెప్పనక్కరలేదు.

హెబ్రీ భాషలో చర్మానికీ, వెలుగుకూ ఉన్న మాటలు చెవికి ఒకేలా వినిపిస్తాయి. రెండూ 'ఓర్'. రాసేటప్పుడు మొదటి అక్షరమే వేరు. అందుకని పూర్వం కొందరు యూదు బోధకులు ఈ వచనాన్ని 'వెలుగు చొక్కాయిలు' అని కూడా చదివి ఆనందించారట. నాకైతే తోలు చొక్కాయే ఇష్టం. ఏదెను తోట బయట ముళ్లూ గచ్చపొదలూ ఉన్నాయి. అక్కడ పొలం దున్నబోయేవాడికి కావలసింది ముల్లు దిగని బట్ట.

అక్కడినుంచి మొదలుపెడితే బైబిల్ కాలంలో మనిషి బతుకు తోలులోనే గడిచింది. మనకు ఇప్పుడు ప్లాస్టిక్ ఎలాగో వాళ్లకు తోలు అలాగ. నీళ్లు తోలు తిత్తిలో, పాలు తిత్తిలో, ద్రాక్షారసం తిత్తిలో. కాలికి చెప్పు, నడుముకు దట్టి, వడిసెలకు పట్టీ, యుద్ధానికి వెళ్లేవాడి డాలు, చదువుకునేవాడి గ్రంథపు చుట్ట. డాలు తోలు ఎండి పగలకుండా నూనె రాసేవారు. దావీదు సౌలు మరణానికి విలపిస్తూ నూనె పూయని డాలును తలుచుకున్నాడంటే (2 సమూ. 1:21), అది ఇంట్లో అందరికీ తెలిసిన పని అన్నమాట.

తిత్తి ఎలా చేసేవారో చెప్తే కొన్ని వాక్యాలు బాగా అర్థమవుతాయి. మేకను కోసి, తల, కాళ్లు తీసేసి, పొట్ట చీల్చకుండా తోలును చొక్కా విప్పినట్టు నిలువునా ఒలిచేవారు. చెట్టు బెరడు కషాయంలో నానబెట్టి, కాళ్ల దగ్గర రంధ్రాలు కట్టేసి, మెడ భాగాన్ని మూతిగా ఉంచేవారు. కొత్త తిత్తి సాగుతుంది. రసం పులిసి గాలి పుట్టినా ఓర్చుకుంటుంది. పాత తిత్తి గట్టిపడి ఉంటుంది, పులిసే రసం పోస్తే పిగిలిపోతుంది. యేసుప్రభువు చెప్పిన కొత్త ద్రాక్షారసం ఉపమానం (మార్కు 2:22) ఇదే. ఈమధ్య ఈ ఉపమానాన్ని కొత్త సౌండ్ సిస్టమ్ కొన్నప్పుడూ, సంఘానికి కొత్త పేరు పెట్టినప్పుడూ వాడుతున్నారు. కానీ ప్రభువు ఆ మాట చెప్పిన సందర్భం చూడండి. సుంకరి లేవీ ఇంట్లో, ఊరు వెలివేసినట్టు చూసేవాళ్ల పక్కన కూర్చుని భోజనం చేసినందుకు ఆయన్ను తప్పుపట్టారు. ఆ వెంటనే ఉపవాసం గురించి ప్రశ్న వచ్చింది. దానికిచ్చిన జవాబులో ఈ తిత్తి వస్తుంది. ఎవరితో కలిసి తింటామన్నదే అక్కడ మొదలైన గొడవ.

హాగరు బిడ్డతో అరణ్యంలో తప్పిపోయినప్పుడు ఆమె భుజాన ఉన్నది ఒక నీళ్ల తిత్తే. అది ఖాళీ అయ్యాక బిడ్డను పొదకింద పడుకోబెట్టి దూరంగా వెళ్లి ఏడ్చింది. దేవుడు ఆమె కళ్లు తెరిస్తే బావి కనిపించింది. ఆమె వెళ్లి మళ్లీ అదే తిత్తిని నింపింది (ఆది. 21). గిబియోనువాళ్లు చాలా దూరదేశం నుంచి వచ్చామని యెహోషువను నమ్మించడానికి చినిగి కుట్టిన తిత్తులు, అతుకులేసిన చెప్పులు తెచ్చారు (యెహో. 9). కీర్తనకారుడు బాధలో తనను పొగలో వేలాడదీసిన తిత్తితో పోల్చుకున్నాడు (కీర్తన 119:83). పొయ్యి పైన వాసానికి తగిలించిన తోలు ఎలా నల్లబడి ముడుచుకుపోతుందో చూసినవాళ్లకు ఆ మాట చదవగానే గుండె కలుక్కుమంటుంది. మన నాయనమ్మలు చూశారు. మనకు ఫ్రిజ్ ఉంది, ఆ వాక్యం మనకు అందదు.

అలాగని అది మనకు పరాయి లోకం కాదు. ముప్పై, నలభై ఏళ్ల కిందట నల్గొండలోనో, పాలమూరులోనో పుట్టి ఇప్పుడు నాచారం, మల్లాపూర్, చిలకానగర్‌లలో స్థిరపడిన ఏ విశ్వాసినైనా అడగండి. ఎద్దులు లాగే మోటకు తోలు తొండం లేనిదే పొలానికి నీళ్లు పారేవి కావు. కొలిమికి తిత్తి, కాడికి వారు, రైతుకు కిర్రుచెప్పులు, పండగకు డప్పు. ఇవన్నీ ఊరి చివర వాడ నుంచే వచ్చేవి. పచ్చితోలును సున్నంలో నానబెట్టి వెంట్రుక రాలగొట్టి, తంగేడు చెక్క దంచి పోసిన లందలో రోజుల తరబడి ఊరబెట్టేవారు. తంగేడు పువ్వు ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. దాని చెక్కతో తోలును పదును చేయడం కనిపెట్టిన చేతులకు మాత్రం ఏ బిరుదూ రాలేదు. ఏ కాలేజీకీ వెళ్లకుండా ఇంత రసాయనశాస్త్రం చేసినవాళ్లకు దక్కింది పంట కళ్లంలో నాలుగు కుంచాల గింజలు, ఊరి బావికి దూరం.

యూదుల్లోనూ అంతే జరిగింది. చచ్చిన జంతువును ముట్టినవాడు సాయంత్రం దాకా అపవిత్రుడని ధర్మశాస్త్రం చెప్పింది (లేవీ. 11:39). ఆ ఒక్క సాయంత్రం కాలక్రమంలో ఒక జీవితకాలమైంది. క్రీస్తుశకం 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే యూదుల ధర్మసంపుటిలో చర్మకారుల గురించి నియమాలున్నాయి. తోలు పదునుచేసే చోటు ఊరికి 50 మూరల దూరంలో ఉండాలి. అదీ తూర్పు దిక్కునే ఉండాలి. శవాలు, సమాధులు కూడా ఆ 50 మూరల జాబితాలోనే ఉన్నాయి. భర్త చర్మకారుడైతే ఆ వాసన భరించలేనని భార్య విడాకులు కోరవచ్చు. పెళ్లికి ముందే తెలిసి చేసుకున్నా సరే, భరించగలననుకున్నాను, భరించలేకపోతున్నాను అనవచ్చు. హైదరాబాద్‌కు తూర్పున ఉన్న మనకు ఆ దిక్కు నియమం చదివితే కొంచెం నవ్వొస్తుంది. అందరూ వదిలేసినవి ఉంచుకునే చోటు అనిపించుకోవడం తూర్పుకు కొత్త కాదన్నమాట.

ఇప్పుడు పేతురు దగ్గరికి వద్దాం. తబితాను బతికించిన తర్వాత ఆయన యొప్పేలో చాలా రోజులు సీమోను అనే చర్మకారుడి ఇంట్లో ఉన్నాడు (అపొ. 9:43). దాన్ని మనం ఒక్క ఊపిరిలో చదివేసి, పదో అధ్యాయంలోని దుప్పటి దర్శనానికి వెళ్లిపోతాం. ఆగి చూడండి. నాలుగు చెరగులు పట్టి దింపిన దుప్పటి, అందులో రకరకాల జంతువులు, దేవుడు పవిత్రం చేసినవాటిని నిషిద్ధమనవద్దన్న స్వరం. ఇదంతా జరిగింది ఎక్కడ? తోళ్లు ఆరేసిన ఇంటి మిద్దెమీద. మధ్యాహ్నం వేళ, ఆకలేసి, కింద వంట అవుతుండగా. ఆ వంట ఎవరి పొయ్యి మీద అవుతోందో వేరే చెప్పాలా? అన్యుడైన కొర్నేలీ ఇంటికి వెళ్లడానికి పేతురుకు పరలోకం నుంచి దర్శనం కావలసి వచ్చింది. చర్మకారుడి ఇంట్లో దిగడానికి మాత్రం ఏ దర్శనమూ అడగలేదు. ప్రభువుతో మూడేళ్లు తిరిగినవాడికి ఆ గడప అప్పటికే దాటొచ్చిన గడప.

నన్ను ఇంకా ఎక్కువగా పట్టేసింది దేవదూత మాట. కైసరయలో కొర్నేలీకి కనిపించి పేతురును పిలిపించమన్నప్పుడు ఆ దూత చిరునామా ఇస్తాడు. పేతురు అనే సీమోను, సముద్రం దరినున్న చర్మకారుడైన సీమోను ఇంట్లో ఉన్నాడని చెబుతాడు (అపొ. 10:5-6). ఊరివాళ్లు ఆ ఇంటిని వాసనను బట్టి గుర్తుపట్టేవారు. దూత అదే గుర్తును దాచకుండా, మెత్తబరచకుండా, వృత్తిపేరుతో సహా చెప్పాడు. రోమా శతాధిపతి ఇంట్లో, సైనికుల మధ్య, ఆ మాట పలికింది పరలోకం. కొర్నేలీ దాన్ని మళ్లీ ఉచ్చరించాడు (10:32). మన దగ్గర సంఘంలో ఎవరైనా సాక్ష్యం చెప్పేటప్పుడు 'మా తాత తోలుపని చేసేవాడు' అంటే ముందు వరుసలోవాళ్లు ఎందుకు నేలచూపులు చూస్తారు?

మన తెలుగు సంఘ చరిత్ర ఈ సీమోను ఇంటిలాంటి ఇళ్లలోనే పుట్టింది. ఒంగోలు ప్రాంతంలో యెర్రగుంట్ల పేరయ్య ఒక మాదిగ సత్యాన్వేషి. యోగ గురువుల దగ్గర కూర్చుని దేవుణ్ణి వెదికినవాడు. తోళ్ల వ్యాపారం మీద ఉత్తరానికి వెళ్లినప్పుడు సువార్త విన్నాడు. 1866లో బాప్తిస్మం పొంది, కనిగిరి పరిసరాల పల్లెల్లో ఆ మాట ఇంటింటికీ మోశాడు. అదే కాలంలో ఒంగోలుకు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గరికి అగ్రకులాలవారు కొందరు వచ్చి, మాదిగలను చేర్చుకోకపోతే మేము వస్తామన్నారు. క్లౌ దంపతులు ఎటూ తేల్చుకోలేక వేర్వేరు గదుల్లో బైబిల్ తెరిస్తే ఇద్దరికీ ఒకటే చోటు వచ్చిందంటారు. లోకం లెక్కచేయనివారిని దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు కొరింథు సంఘానికి రాసిన మాటలు అవి (1 కొరింథీ. 1:26-29). ఆ నిర్ణయం తర్వాత కరువు వచ్చింది, బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పని వచ్చింది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం పొందారు. క్లౌ రెండో భార్య ఎమ్మా ఆ ప్రజల కథలను 1899లో పుస్తకంగా తెచ్చింది. దానికి ఆమె పెట్టిన పేరు 'వైల్ సోయింగ్ శాండల్స్', అంటే చెప్పులు కుడుతుండగా. ఆ విదేశీ ఆడపడుచుకు ఆ పని పేరు పుస్తకం అట్టమీద వేయడానికి సిగ్గనిపించలేదు.

ఇంకో మాట. 1818లో సెరంపూర్‌లో తెలుగు కొత్త నిబంధన అచ్చయింది. ఆ ముద్రణాలయం వెనకున్న విలియం కేరీ 1793లో ఇండియాకు రాకముందు ఇంగ్లాండులో చెప్పులు కుట్టి బతికినవాడు. ఒక విందులో ఎవరో ఆయన్ను ఎత్తిపొడుస్తూ, మీరు బూట్లు తయారుచేసేవారట కదా అంటే, తయారుచేయడం కాదండీ, పాతవి బాగుచేసేవాణ్ణి అన్నాడట. 1947లో మృతసముద్రం దగ్గర గుహలో బెదూయిన్ పశువుల కాపరులకు తోలు చుట్టలు దొరికితే వాటిని బేత్లెహేములో కాండో అనే సిరియా క్రైస్తవుడికి చూపించారు. ఆయన చెప్పులు కుట్టేవాడు, పాత వస్తువుల బేరగాడు కూడా. పాత తోలు కనుక చెప్పుల పనికైనా పనికొస్తుందని అక్కడికి తెచ్చారని ఒక కథ ప్రచారంలో ఉంది. అందులో యెషయా గ్రంథం మొత్తం ఉంది. 17 తోలు ముక్కలు కలిపి కుట్టిన, ఏడు మీటర్లు దాటిన చుట్ట అది. రెండు వేల ఏళ్లకు పైగా దేవుని మాటను చెదలు తినకుండా మోసింది గొర్రెతోలు. పౌలు చెరసాలలో చావుకు సిద్ధంగా ఉండి తిమోతిని తెమ్మన్న వస్తువుల్లో చర్మపు కాగితాలు ముఖ్యమైనవి (2 తిమోతి 4:13). నా బైబిల్ కవరు కుట్టిన పెద్దాయన పని ఆ వరుసలోదే.

మోషే ఎడారిలో ప్రత్యక్షగుడారం కట్టినప్పుడు ప్రజలు కానుకలు తెచ్చారు. బంగారం తెచ్చినవాడి పేరు ఎక్కడ రాశారో, ఎర్రరంగు వేసిన పొట్టేళ్ల తోళ్లు తెచ్చినవాడినీ అక్కడే రాశారు (నిర్గమ. 35:22-23). బంగారం లోపలికి వెళ్లింది. తోలు అన్నిటికంటే పైన కప్పుగా వెళ్లింది. ఎండా, ఇసుకగాలీ తిన్నది అదే. దూరం నుంచి చూసేవాడికి దేవుని మందిరం ఒక తోలు డేరాగానే కనిపించి ఉంటుంది. ప్రయాణంలో మందసాన్ని సహా తోలుతోనే కప్పేవారు (సంఖ్యా. 4:6). హిజ్కియా కాలంలో దహనబలులు ఎక్కువై తోళ్లు ఒలవడానికి యాజకులు చాలకపోతే లేవీయులు వచ్చి సాయం పట్టారు (2 దిన. 29:34). అవును, తోళ్లు ఒలవడం యాజకుల పని. ఒలిచిన తోలు యాజకుడి వంతు కూడా (లేవీ. 7:8). మన దేశంలో ఏ పూజారి ఇంటికి ఆ వాటా పంపినా ఏమవుతుందో ఊహించుకోండి.

పాపపరిహారార్థ బలి తోలు మాత్రం ఎవరికీ చెందదు. దాన్ని మాంసంతో, పేడతో సహా పాళెము బయటికి తీసుకుపోయి కాల్చేయాలి (లేవీ. 4:11-12). హెబ్రీ పత్రిక రాసినవాడు ఇక్కడే పట్టుకున్నాడు. యేసు కూడా గవిని బయట శ్రమపడ్డాడు, కాబట్టి ఆయన నింద మోస్తూ పాళెము బయటికి ఆయన దగ్గరికి వెళ్దాం అన్నాడు (హెబ్రీ. 13:11-13). ఊరి బయట వాడలో పుట్టినవాళ్లకు ఈ వాక్యాన్ని వివరించి చెప్పాల్సిన పనిలేదు. తోలు, పేడ, పొగ, వెలి. అన్నీ తెలిసినవే. విచిత్రమేమంటే, ప్రభువు బయటికి వెళ్తే, ఆయన పేరు పెట్టుకున్న మనం ఎంత తొందరగా లోపలికి వచ్చేద్దామా అని చూస్తున్నాం.

వివాహ ప్రకటనల్లో 'క్రైస్తవ వరుడు కావలెను' అన్నదాని పక్కన కులం పేరు వేస్తున్నాం. మాలలకు ఒక సంఘం, మాదిగలకు ఒక సంఘం, రెడ్డి క్రైస్తవులకు ఒక ముందు బెంచీ. డప్పు సంగతి మరీ ఘోరం. సముద్రం దాటి మిర్యాము వాయించిన తంబుర చర్మం బిగించిన వాద్యమే. డప్పూ అంతే. మంటకు కాచి, తోలు బిగువెక్కాక కొడితే పల్లె లేచి నిలబడుతుంది. తెలంగాణ ఉద్యమంలో డప్పు మోగకుండా ఏ సభైనా మొదలైందా? మన మందిరాల్లో మాత్రం ఎలక్ట్రానిక్ ప్యాడ్లు వచ్చాయి. డప్పు చావుకు కొట్టేదని కొందరు పెద్దలు గుమ్మం దాటనివ్వరు. ఆ ప్యాడ్లలో ఒక బటన్ నొక్కితే డప్పు శబ్దమే వస్తుంది, అది వారికి అభ్యంతరం కాదు! సంగీత విద్వాంసుడు టి.ఎం.కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అని ఒక పుస్తకం రాశారు. తమిళనాడులో తరతరాలుగా మృదంగాలు చేస్తున్న దళిత క్రైస్తవ కుటుంబాల కథ అది. సభలో వాద్యానికి దండం పెడతారు, దానికి తోలు బిగించినవాడి పేరు అడగరు. ఉప్పల్ స్టేడియంలో 2005 నవంబరు 16న మొదటి వన్డే జరిగినప్పుడు నేనూ టికెట్ కొనుక్కుని వెళ్లాను. అన్ని వేలమంది కళ్లప్పగించి చూసిన బంతి తోలుబంతే కదా. అది పట్టుకోవడానికి ఎవరికీ మైల గుర్తు రాదు.

యాకోబు తండ్రి ఆశీర్వాదం కోసం చేతులకూ మెడకూ మేకపిల్ల తోలు కట్టుకుని అన్న పేరు చెప్పుకున్నాడు (ఆది. 27). ఈ కథ చెప్పినప్పుడల్లా మా ఆదివారం బడి పిల్లలు నవ్వుతారు. పెద్దవాళ్లు కొందరు నవ్వరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ తలుపు తెరిచారు. మనకు తెరవలేదు. కాబట్టి ఆదివారం ఒక పేరు, ధ్రువపత్రంలో ఒక పేరు. ఆ కుటుంబాలను వేలెత్తి చూపే హక్కు నాకు లేదు. పిల్లల చదువు, ఉద్యోగం దాని మీద ఆధారపడి ఉన్నాయి, చట్టం న్యాయంగా లేదు. నా బాధ వేరే. ఆఫీసులో దాచుకోవలసి వచ్చినదాన్ని కనీసం దేవుని మందిరంలోనైనా విప్పి పక్కన పెట్టగలగాలి కదా? అక్కడా తోలు కప్పుకునే కూర్చోవలసి వస్తే, ముసలి ఇస్సాకు తడిమి చూసి అనుమానపడ్డట్టు, మనమూ ఒకరినొకరం తడుముకుంటూనే ఉంటాం.

మరుసటి శనివారం నేను మళ్లీ రింగ్‌రోడ్డు దగ్గరికి వెళ్లాను. ఈసారి కుట్టించడానికి ఏమీ లేదు. పక్కన ఉన్న టీ కొట్టులో రెండు టీలు తెప్పించి, గోనెపట్టా చివర కూర్చుని, తెలిసినంత చెప్పాను. చర్మపు చొక్కాయి దగ్గర ఆయన పని ఆపాడు. "దేవుడే కుట్టిండా?" అన్నాడు. దూత చెప్పిన చిరునామా దగ్గర చాలాసేపు నవ్వాడు. "మా ఊర్ల గూడ గట్లనే సార్. వాసన పట్టుకొని పోతే మా ఇల్లే" అన్నాడు. చెంగిచెర్ల కబేళా నుంచి వచ్చే లారీల వాసనకు బస్సులో జనం ముక్కు మూసుకుంటారనీ, తనకు మాత్రం ఆ వాసనకు చిన్నప్పటి ఇల్లు గుర్తొస్తుందనీ చెప్పాడు.

అప్పుడు, నేను అడగకుండానే, ఇంకో సంగతి చెప్పాడు. కొన్నేళ్ల కిందట మనుమరాలు రమ్మంటే ఈ చుట్టుపక్కలే ఒక మందిరానికి క్రిస్మస్ ఆరాధనకు వెళ్లాడట. ఉతికిన చొక్కా వేసుకుని, తలకు నూనె పెట్టుకుని వెళ్లాడు. గుమ్మం దగ్గర ఒక పెద్దమనిషి గుర్తుపట్టి, చిరునవ్వుతోనే, "నువ్వు రింగ్‌రోడ్డు కాడ ఉంటవు కదా, మంచిగైంది, జనం ఎక్కువున్నరు, కొంచెం చెప్పులు చూసుకో" అన్నాడట. ఆయన ఏమీ అనలేదు. ఆరాధన అయ్యేదాకా చెప్పుల స్టాండు దగ్గరే నిలబడ్డాడు. లోపల పాటలు వినిపించాయి, బాగున్నాయి. వెళ్లేటప్పుడు ఎవరో కేకు ముక్క కూడా ఇచ్చారు. "ఆయన కోపంతోని అనలే సార్, అలవాటుల అన్నడు" అన్నాడు. నాకు టీ గొంతు దిగలేదు. ఆ పెద్దమనిషి ఎవరో నాకు తెలియదు. మా సంఘంలో అయితే ఎవరు అని ఉండేవారా అని ఆలోచిస్తే రెండు మూడు ముఖాలు కనిపించాయి. అందులో నాది లేదని చెప్పలేను.

రాబోయేవాడి చెప్పుల వారు విప్పడానికైనా తాను తగనని బాప్తిస్మమిచ్చు యోహాను అన్నాడు (లూకా 3:16). ఆ యోహాను నడుముకు ఉన్నది తోలుదట్టి. ఏలీయాను కూడా రాజు ఆ దట్టిని బట్టే గుర్తుపట్టాడు.

ఈ ఆదివారం మా మందిరానికి వస్తానని పెద్దాయన మాటిచ్చాడు. మనుమరాలు కూడా వస్తుందట. మూడో వరుసలో ఫ్యాను కింద రెండు కుర్చీలు ఉంచమని మా పాస్టరుగారికి ఫోన్ చేసి చెప్పాను. ఆ రోజు చెప్పుల స్టాండు దగ్గర నేను నిలబడతానని కూడా చెప్పాను.